తయారుచేయు వ్యక్తి పేరు

లా కాలేజీ హాస్టల్,
రెండో అంతస్తు, చివరి గది.
జూన్, ఆదివారం.

శ్రీమత్ సకల సద్గుణ సంపన్నురాలైన వదిన గారి సముఖమునకు,

మరిది వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మెస్సు భోజనం మూడుపూటలా తింటూ కూడా క్షేమంగా ఉన్నానంటే మన వంశం ఎంత గట్టిదో ఆలోచించు.

అసలు విషయం. నిన్న ఆహార శాఖ వెబ్‌సైటులో మన దరఖాస్తు నంబరు కొట్టి చూశాను. పక్కన పచ్చరంగులో ‘మంజూరు’ అని ఉంది! కాగితం వారంలో ఇంటికి వస్తుంది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నీ వెన్న బిస్కెట్లు ఇకపై చట్టబద్ధ పౌరులు. రెండేళ్లుగా ఎదురింటి టీచరమ్మకీ, కుట్టుపని ఆవిడకీ, వీధి చివరి క్లినిక్కు నర్సులకీ నువ్వు అమ్మిందంతా చట్టం దృష్టిలో దొంగసరుకే. ఇంత పెద్ద నేరస్తురాలి చేతి కూడు తిని పెరిగానా అని అప్పుడప్పుడూ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నిబంధనలు. శ్రద్ధగా వినవలెను. పాడయ్యే సరుకు పనికిరాదు, అంటే క్రీము కేకులు మర్చిపో. బిస్కెట్లు, బ్రెడ్డు, ఎండు పళ్ల కేకు వరకే నీ రాజ్యం. కొనేవాళ్ల చేతికి నువ్వే ఇవ్వాలి, కొట్లో పెట్టి అమ్మించకూడదు. ప్రతి పొట్లం మీదా లేబులుండాలి, దాని మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, ఏమేం వేశారో బరువు ప్రకారం వరసగా. ఒక వంటింటికి ఒకటే రిజిస్ట్రేషను, అది కూడా ఆ ఇంట్లో ఉంటూ స్వహస్తాలతో వండేవాళ్లకే. ఇంట్లోవాళ్లు సాయం చేయొచ్చు కానీ, ఆ రిజిస్టరైన మహానుభావుల సమక్షంలోనే. కాబట్టి అన్నయ్య చేత పిండి కలిపించాలనిపిస్తే పక్కనే నిలబడి కలిపించు. లేకపోతే జైలు.

జైలు అబద్ధం. మిగతావన్నీ నిజం.

ఫారం నింపి, మీ ఇద్దరి సంతకాలు పెట్టించి, వరుసలో నిలబడి ఇచ్చి వచ్చిన ఈ అర్ధలాయరుకు ఫీజు కింద ఒక డబ్బా బిస్కెట్లు పంపగలవు. పోస్టులో అమ్మకం నిషిద్ధం కనుక ప్రేమగా పంపినట్టు పంపు. ప్రేమకింకా లైసెన్సు పెట్టలేదు.

విధేయుడు,
నీ ఏకైక మరిది.

*

ఇంటి నుంచి.
జూలై, మంగళవారం.

లాయరు గారికి,

కాగితం వచ్చింది. బిస్కెట్లు రావు.

ఎందుకో చెప్తాను. పోస్టుమేన్ కవరిచ్చేసరికి చేతులకి పిండి ఉంది. కడుక్కుని, తుడుచుకుని, కత్తెరతో అంచు కత్తిరించి మరీ తీశాను. పెళ్లి శుభలేఖ కూడా అంత జాగ్రత్తగా విప్పలేదు. లోపల గులాబీ రంగు కాగితం, గుండ్రటి ముద్ర. ‘తయారుచేయు వ్యక్తి పేరు’ అని ఉంది. దాని ఎదురుగా మీ అన్నయ్య పేరు.

రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య పేరే. ఇంటిపేరుతో సహా, ఇనీషియలు కూడా తప్పులేకుండా.

ఆ మనిషికి చక్కెర డబ్బా ఏదో, ఉప్పు డబ్బా ఏదో మూత తీస్తే గాని తెలియదు. సాయంత్రం చూపిస్తే ఏమన్నారో తెలుసా? “ఆఫీసువాళ్లు ఇంటి యజమాని పేరు వేసుంటారులే. ఎవరి పేరైతే ఏంటి, ఇంట్లోకే కదా.” ఇంట్లోకే కదా! మరి అలాంటప్పుడు ఆయన ప్రమోషను కాగితం మీద నా పేరు వేయించుకోమను. అదీ ఇంట్లోకే కదా.

అంతటితో ఆగలేదు. మర్నాడు దానికి ఫ్రేము కట్టించుకొచ్చి ముందు గదిలో తగిలించారు. లేబుళ్లు కూడా అచ్చయి వచ్చాయి. ‘తయారుచేసినవారు’ కింద ఆయన పేరు, పెద్ద అక్షరాల్లో. మొన్న ఒక పొట్లం ఆఫీసుకి తీసుకెళ్లి “నా చిన్న హాబీ” అన్నారట. అక్కడంతా ఇప్పుడు ‘బిస్కెట్ సార్’ అంటున్నారట. ఇంటికొచ్చి నాకే చెప్పి నవ్వుతున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే వినడమే గాని ఇంత దగ్గరగా చూడలేదు.

నేను నిన్ను అడిగిందేంటి? “పద్నాలుగేళ్లుగా ఫలానా వారి భార్య, ఫలానా ఇంటి కోడలు అనిపించుకున్నాను. నా చేత్తో చేసేది ఇదొక్కటే. దాని మీద నా పేరుతో ఒక కాగితం తెచ్చిపెట్టు” అన్నాను. అంతకుమించి అడిగానా?

ఫారం నింపింది నువ్వు. ఏమని నింపావు? తిరుగు టపాలో రాయి.

వదిన.

*

హాస్టల్.
జూలై, శనివారం.

వదినా,

నీ ఉత్తరం కాలికి చెప్పుల్లేకుండా చదివాను, అంత భక్తి పుట్టింది.

జరిగింది ఘోరం. అందులో సందేహం లేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల సంగతి నీకు తెలియదు. మా ప్రొఫెసరు గారి పుట్టిన తేదీ ప్రకారం ఆయన వాళ్లమ్మ కంటే రెండేళ్లు పెద్ద. అలాంటి చోట నీ పేరు అన్నయ్య పేరయిపోవడం వింతేమీ కాదు. ఇక ‘బిస్కెట్ సార్’ అనే బిరుదు ధరించి ఊరేగుతున్న ఆ మహానుభావుడి గురించి ఏం చెప్పాలి? తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. ఫ్రేము కట్టించుకోవడమేంటి! పదో తరగతిలో మూడో తరగతి మార్కులొచ్చినప్పుడు కట్టించుకోవలసింది ఫ్రేము.

నువ్వు కోపం తెచ్చుకోకు. ఆఫీసుకి నేనే ఒక ఘాటైన లేఖ రాస్తాను. నువ్వు వెళ్లడం, అడగడం, ఎండలో నిలబడడం, ఇవేమీ పెట్టుకోకు. ఈలోగా పొయ్యి ఆపకు. వ్యాపారానికి తొలినాళ్లే ముఖ్యం.

సదా నీ పక్షాన,
మరిది.

*

ఇంటి నుంచి.
ఆగస్టు, గురువారం.

మరిదీ,

పొయ్యి ఆపకు అన్నావుగా. ఆపలేదు. ఏం జరిగిందో విను.

నిన్న పదకొండింటికి తలుపు కొట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ. నా వయసే ఉంటుంది, చేతిలో ఫైలు, మెడలో గుర్తింపు కార్డు. ఓవెన్లో రెండు ట్రేలున్నాయి, మూడోదానికి పిండి ఒత్తుతున్నాను. లోపలికొచ్చి సింకు చూసింది, పిండి డబ్బాల మూతలు చూసింది, కిటికీకి వల ఉందో లేదో వేలితో తట్టి చూసింది. “చాలా శుభ్రంగా ఉంచుకున్నారండీ” అంది. నా కడుపు నిండిపోయింది.

తర్వాత ఫైలు తెరిచి, “ఆయన లేరా?” అంది.

“ఆఫీసుకెళ్లారు.”

“మరి ఈ ట్రేలు ఎవరు పెట్టారు?”

“నేనే.”

“మీరెవరు?”

నా వంటింట్లో, నా పొయ్యి పక్కన, నేను పిండి ఒత్తుతుంటే నన్ను పట్టుకుని మీరెవరు అంటుందయ్యా!

“ఈ బిస్కెట్లు చేసేది నేనేనండీ” అన్నాను. ఆవిడ ఫైలు తిప్పి చూపించింది. “ఇందులో మీరు సహాయకురాలు. ఆయన ఎదురుగా ఉంటే పిండి జల్లించొచ్చు, గిన్నెలు కడగొచ్చు. ఆయన లేనప్పుడు అమ్మకానికి పొయ్యి వెలిగించకూడదు.”

“మరి పిల్లలకి అన్నం వండొచ్చా తల్లీ? దానికి కూడా ఆయన రావాలా?”

“ఇంట్లో తినడానికి మీ ఇష్టం. అమ్మడానికైతే ఆయన చేతులే.” ఆవిడ నవ్వలేదు. ఆవిడ తప్పు కూడా లేదు, కాగితంలో ఉన్నది చదివింది. నోటీసు రాసి చేతికిచ్చింది. ‘అనధికార వ్యక్తి ఆహారం తయారుచేయుచుండగా కనుగొనడమైనది.’ అనధికార వ్యక్తి అంటే నేను!

ఆయన వచ్చాక ఫోను చేసి ఆవిడతో నిజం చెప్పండి అన్నాను. చేశారు. ఏం చెప్పారో పక్కనే నిలబడి విన్నాను. “అవునండీ, చేసేది నేనే. పొద్దున్నే చేసి వెళ్తాను. ఆవిడ ఏదో సాయం చేస్తుందంతే.” ఫోను పెట్టి, “రిజిస్ట్రేషను పోకుండా కాపాడాను” అన్నారు. కాపాడారట! ఏదో సాయం చేస్తానట! ఆ పూట వంట చేయలేదు. కాపాడినవాళ్లే వండుకుంటారని పడుకున్నాను.

ఇప్పుడేమైందంటే, ఇన్‌స్పెక్టరమ్మ పదిహేను రోజుల్లో మళ్లీ వస్తుంది. ఆవిడ ఎదురుగా ఆయన ఒక ట్రే చేసి చూపించాలి. చూపించలేకపోతే రద్దు. అలా రద్దయితే ఈ వంటింటికి ఏడాదిపాటు ఇంకెవరి పేరునా ఇవ్వరు. నా పేరునైనా సరే. అందుకని నన్ను నేర్పమంటున్నారు. నా పని నా దగ్గర నేర్చుకుని, నాది కాదని నా ముందే రుజువు చేస్తారట.

నీ ఘాటైన లేఖ ఏమైంది? ఆ ఫారం నకలు ఇస్తారట, కావాలని రాసివ్వు. ఎవడు మార్చాడో ఆ కంప్యూటరువాడి ముఖం ఒక్కసారి చూడాలి.

వదిన.

*

హాస్టల్.
ఆగస్టు, సోమవారం.

వదినా,

కోపంలో ఉన్నావు. న్యాయమే. కానీ న్యాయశాస్త్రంలో మాకు మొదట నేర్పేది ఏమిటంటే, న్యాయం వేరు, కేసు వేరు అని.

కేసు చూద్దాం. వంటింటికి ఏడాది తాళం పడకూడదు. కాబట్టి అన్నయ్యకు నేర్పించు. ఒక్క ట్రే, ఒక్క రోజు. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లగానే ఆయన టీవీ ముందుకీ, నువ్వు పొయ్యి ముందుకీ, ఎవరి స్వస్థలానికి వాళ్లు. ఆయన ఏప్రాన్ కట్టుకున్న ఫొటో ఒకటి పంపు, హాస్టల్లో దోమల్ని తోలడానికి తగిలించుకుంటాం.

నకలు సంగతి వదిలెయ్. అవి నెలలు పడతాయి. పైగా ఆ ఆఫీసు చాలా దూరం, రెండు బస్సులు మారాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అయినా ఎవరు మార్చారో తెలిసి ఏం చేస్తావు, ఎవడో గుమస్తా, వాడికి పిల్లలుంటారు.

మరిది.

*

ఆహార శాఖ కార్యాలయం,
బయట సిమెంటు బెంచీ మీద.
ఆగస్టు, శుక్రవారం.

నకలు నెలలు పట్టలేదు. నలభై నిమిషాలు పట్టింది. బస్సు కూడా ఒకటే.

నీ చేతిరాత. ‘తయారుచేయు వ్యక్తి’ ఎదురుగా మీ అన్నయ్య పేరు, నీ గుండ్రటి అక్షరాల్లో. కింద ఆయన సంతకం. ‘సహాయకురాలు’ ఎదురుగా నా పేరు. పక్కన నా సంతకం, దాని మీద వెన్న మరక.

ఆ రోజు నువ్వు “ఇక్కడ పెట్టు వదినా” అని వేలు పెట్టి చూపించావు. పిండి చేత్తోనే పెట్టాను. చదవలేదు. నువ్వు చదివావు కదా అని.

ఏ గుమస్తాకి పిల్లలున్నారు? నువ్వు కాలేజీకి వెళ్లిన మొదటి రోజు చొక్కా ఇస్త్రీ చేసిన చేయిరా ఇది. దొంగకు తేలు కుట్టినట్టు రెండు నెలలు కూర్చుని, పైగా నాకు జోకులు రాశావు. మీ అన్నయ్యను తిట్టావు. ఆయన అచ్చం నాలాగే చదవకుండా సంతకం పెట్టారు. తర్వాత చేసిందానికి ఆయనకి నా చేతిలో ఉంది, అది వేరు సంగతి. కానీ మొదలు నువ్వు.

ఎందుకు రాశావో ఒక్క వాక్యంలో చెప్పు.

*

హాస్టల్.
ఆగస్టు, ఆదివారం.

వదినా,

ఒక్క వాక్యంలో చెప్పలేను. లాయరు చదువు చెడగొట్టింది.

ఎవరో మార్చారని రాసింది అబద్ధం. లేఖ రాస్తానన్నది కూడా అబద్ధం, ఒక్క ముక్క రాయలేదు. రాస్తే నా మీద నేనే ఫిర్యాదు చేసుకున్నట్టవుతుంది, దానికింకా మాకు పాఠం చెప్పలేదు.

ఎందుకు రాశానంటే, చేయి దానంతటదే రాసేసింది. పన్నెండో ఏట నుంచీ ఇంట్లో ఫారాలన్నీ నింపింది నేనే కదా. గ్యాసు, కరెంటు, పిల్లల స్కూలు, నీళ్ల కుళాయి, అన్నిటికీ మొదటి గడిలో అన్నయ్య, రెండో గడిలో నువ్వు. ఆలోచించే పనే లేదు, ముగ్గు వేసినట్టు పోతుంది చేయి. ‘తయారుచేయు వ్యక్తి’ అని ఉన్నా నాకది ‘మొదటి గడి’ లాగే కనిపించింది. అన్నయ్య స్వహస్తాలతో చేసే పని చెవిలో పుల్ల తిప్పుకోవడం ఒక్కటే అని తెలిసి కూడా.

ఇక్కడిదాకా అయితే పొరపాటు అనొచ్చు. మిగతాది కూడా చెప్పేస్తాను. కౌంటరు దగ్గర, నా ముందు ఇంకా ఇద్దరున్నప్పుడు, తప్పు కనిపించింది. కొత్త ఫారం తీసుకోవాలి, మళ్లీ ఇంటికొచ్చి మీ సంతకాలు పెట్టించాలి, మర్నాడు మళ్లీ వరుస. ఆ సాయంత్రం మ్యాచ్ ఉంది. ‘ఏం కాదులే, ఒకే ఇల్లు కదా’ అనుకున్నాను. అన్నయ్య ‘ఇంట్లోకే కదా’ అన్నాడని నువ్వు రాసింది చదివినప్పుడు తినబోతున్న ఇడ్లీ, మెస్సు ఇడ్లీ, ఇంకా గట్టిపడింది.

మ్యాచ్ కూడా ఓడిపోయాం. శిక్ష అప్పుడే మొదలైందనుకో.

నన్ను తిట్టు. కానీ పలకడం మానకు.

మరిది.

*

ఇంటి నుంచి.
సెప్టెంబరు, బుధవారం.

మరిదీ,

నీ క్షమాపణ ఉత్తరం చదివాను. నాకు మూడుచోట్ల నవ్వొచ్చింది. క్షమాపణ అన్నదానికి ఒక్కచోట కూడా నవ్వు రాకూడదు. మళ్లీ రాయి.

ఇన్‌స్పెక్టరమ్మ సోమవారం వచ్చింది. నువ్వు చెప్పినట్టు మీ అన్నయ్యకి నేర్పలేదు. ఒక కాగితం మీద కొలతలన్నీ రాసిచ్చాను, ఒక్క అబద్ధం లేకుండా. చేతులు రాసివ్వలేను కదా, అవి నావే.

ఆయన ఏప్రాన్ కట్టుకున్నారు. పిండి కలిపారు, సిమెంటు కలిపినట్టు. వెన్న ఫ్రిజ్‌లోంచి రాయిలా తీసి అలాగే వేశారు. ఇన్‌స్పెక్టరమ్మ రాసుకుంటోంది. “వేడి సరిపోయిందని ఎలా తెలుస్తుందండీ మీకు?” అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

“తెలుస్తుంది... అలవాటు మీద” అన్నారు.

ట్రే లోపల పెట్టారు. పెట్టి ఆవిడతో మాటల్లో పడ్డారు. ఆఫీసులో అందరూ ఎంత మెచ్చుకున్నారో చెప్తున్నారు. నాకు వాసన వచ్చింది. మొదట వెన్న కరిగే వాసన, తర్వాత మంచి వాసన, తర్వాత దాటిపోయిన వాసన. చేతులు కట్టుకుని నిలబడ్డాను. జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు.

పొగ వచ్చింది. “తియ్యవే, మాడిపోతోంది!” అని అరిచారు.

“నేను సహాయకురాలిని. ఏ గుడ్డతో తీయాలో, ఎక్కడ పెట్టాలో మీరు చెప్పండి, తీస్తాను.”

“ఇప్పుడా నీ వెటకారం!” అంటూ సింకు పక్కన తడి మసిగుడ్డ అందుకుని ట్రే పట్టుకున్నారు. తడిగుడ్డతో వేడి పళ్లెం పట్టుకోకూడదని వంటింట్లో ఒక్క వారమున్న ఎవరికైనా తెలుసు. ఆవిరి కొట్టింది. ట్రే నేల మీద, ఆయన కుళాయి కింద.

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను మూసింది. ఆయన వేళ్లు చూసింది, నన్ను చూసింది. “చూడండీ, నేనిది రిపోర్టు రాస్తే రద్దు. వంటింటికి ఏడాది. రాయకముందే మీరే వద్దనుకుని వదులుకుంటే, ఈ వంటింట్లోంచి ఇంకొకరు రేపే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ ఇష్టం.”

ఆయన కుళాయి కింద చేయి పెట్టుకునే, “ఆఫీసులో అందరికీ చెప్పానండీ...” అన్నారు.

మరిదీ, ఆ క్షణం నాకు కోపం ఎంత వచ్చిందంటే గొంతు అస్సలు పెరగలేదు. “ఆఫీసులో అందరికీ ఏం చెప్పారు? మీరు చేశారని చెప్పారు. ఈవిడకీ అదే చెప్పారు. నాకు కూడా చెప్పండి. నా మొహం చూసి, ఆ బిస్కెట్లు నేనే చేశాను అనండి. అంటే ఈ ఏడాదేం ఖర్మ, ఇక జన్మలో ఆ ఓవెన్ ముట్టుకోను” అన్నాను.

నీళ్లు పోతూనే ఉన్నాయి. ఆయన కుళాయి కట్టేసి, “పెన్నివ్వండి” అన్నారు.

బొబ్బలెక్కిన వేళ్లతో సంతకం పెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ ఫైల్లో సంతకంతో పోల్చి, “కలవలేదండీ, మళ్లీ పెట్టండి” అంది. మళ్లీ పెట్టారు. కలవలేదు. మూడోసారికి కలిసింది. మధ్యలో నేను సాయం చేయలేదు. మందు మాత్రం తర్వాత రాశాను, అది వేరు.

నిన్న నా ఫారం నేనే నింపి ఇచ్చొచ్చాను. ప్రతి గడీ చదివి. ఇరవై ఒక్క రోజులన్నారు. అప్పటిదాకా అమ్మకానికి ఓవెన్ వెలిగించను, ఒక్క బిస్కెట్టు కూడా. మీ అన్నయ్యతో అవసరానికి మాట్లాడుతున్నాను. నీతో కూడా అంతే అనుకో.

రోజూ ఎవరో ఒకరు తలుపు కొడుతున్నారు. ఇవాళ పొద్దున టీచరమ్మ వచ్చింది. కాగితం లేదు, ఇరవై రోజులాగండి అన్నాను. “అయ్యో, సారుకి చెయ్యి కాలిందట కదా, పాపం, అందుకేనా? ఇన్నాళ్లూ ఆయనే చేశారటగా” అంది.

“కాదండీ. నేనే.”

“ఇన్నాళ్లూనా?”

“ఇన్నాళ్లూ. నేనే.”

తర్వాత కుట్టుపని ఆవిడ వచ్చింది, ఆవిడకీ చెప్పాను. సాయంత్రం క్లినిక్కు నర్సులిద్దరు వచ్చారు, వాళ్లు అడక్కముందే చెప్పాను. రోజుకి నాలుగైదుసార్లు చెప్తున్నాను. ఇంకా చాల్లేదు.

వదిన.